రిపోర్టు వచ్చేదాకా

తణుకు బస్టాండులో కంట్రోలర్ సీట్లో కూర్చుని పదకొండేళ్ళయింది. "బస్సు ఎప్పుడొస్తుందండీ?" అన్న ప్రశ్న రోజుకి ఎన్నిసార్లు వింటానో లెక్కలేదు. మొదట్లో "వస్తుందండి, వస్తుంది" అనేవాణ్ణి. అలా చెబితే మనిషి రెండు నిమిషాలు కూడా కుదురుగా కూర్చోడు. మళ్ళీ కిటికీ దగ్గరికొస్తాడు. అదే "రావులపాలెం దాటిందండి, ఇంకో నలభై నిమిషాలు పడుతుంది" అన్నామనుకోండి, వెళ్ళి టీ తాగి, పిల్లాడికి బిస్కెట్ పొట్లం కొని, నీడ చూసుకుని కూర్చుంటాడు. బస్సు ఆలస్యం ఆలస్యమే. మనిషి మాత్రం నెమ్మదిస్తాడు.

ఇంత తెలిసినవాణ్ణి, నా వంతు వచ్చేసరికి కిటికీ దగ్గరికి మాటిమాటికీ వచ్చేవాడిలా తయారయ్యాను. నిరుడు ఆగస్టులో, క్యాన్సరేమో అన్న అనుమానంతో పెద్దపేగు పరీక్షలు చేయించుకోవాల్సి వచ్చింది. కొలొనోస్కోపీకి, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకి, 9 రోజులు, ఆ తర్వాత లోపల్నుంచి తీసిన ముక్కని ల్యాబులో చూసి ఇచ్చే బయాప్సీ రిపోర్టుకి 12 రోజులు ఎదురుచూశాను. ఆ 21 రోజుల్లో చేసిన తప్పులూ, ఆలస్యంగా తెలిసొచ్చిన సంగతులూ రాసిపెడుతున్నాను. నేను డాక్టర్ని కాదు. మందుల విషయం మీ డాక్టరునే అడగండి. ఎదురుచూడటం గురించి మాత్రం నాకు కాస్త అనుభవం ఉంది.

ముందు తేదీ అడగండి

మలంలో రక్తం పడితే మొలలనుకున్నాను. పదహారేళ్ళు కండక్టరుగా నిలబడి, పదకొండేళ్ళు కుర్చీలో కూర్చున్న ఒంటికి మొలలు కాక ఇంకేమొస్తాయి అనుకున్నాను. మందుల షాపులో ట్యూబు కొనుక్కుని రెండు నెలలు పూసుకున్నాను. డాబా మెట్లెక్కితే నాకు ఆయాసం వస్తోందని మా ఆవిడ కనిపెట్టి రక్తపరీక్ష చేయించింది. హిమోగ్లోబిన్ 9.8. డాక్టరు చూసి, "మొలలున్న మాట నిజమే. కానీ రక్తం వాటిలోంచే వస్తోందని లోపల చూడకుండా అనుకోకూడదు. ఈ వయసు మగవాళ్ళకి రక్తం తగ్గితే పేగు చూడాల్సిందే" అని కొలొనోస్కోపీ రాశారు. కాగితం మీద ఇంగ్లీషులో ఏదో రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఆ ప్రశ్నార్థకం తొమ్మిది రోజులు నా కళ్ళ ముందే ఉంది.

కౌంటర్లో అమ్మాయి "మేమే ఫోన్ చేస్తామండి" అంది. సరేనని వచ్చేశాను. అదే మొదటి తప్పు. మూడు రోజులు ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగాను. స్నానానికి వెళ్తే మా ఆవిడకిచ్చి వెళ్ళేవాణ్ణి. నాలుగో రోజు ఉండబట్టలేక నేనే చేస్తే, "మీకు శుక్రవారం పెట్టాం కదండీ, ఎవరూ చెప్పలేదా?" అన్నారు.

కాబట్టి కౌంటరు దగ్గర్నుంచి కదలకముందే అడగండి. పరీక్ష ఏ రోజు, ఎన్నింటికి? రిపోర్టుకి మామూలుగా ఎన్ని రోజులు పడుతుంది, ఎక్కువలో ఎక్కువ ఎన్ని రోజులు? రిపోర్టు ఫోన్లో చెబుతారా, ఓపీకి రమ్మంటారా? గడువు దాటితే ఏ నంబరుకి చేయాలి? అక్కడే నిలబడి కాగితం మీద రాసుకోండి. ఇంటికొచ్చి ఆ 'ఎక్కువలో ఎక్కువ' రోజు చుట్టూ క్యాలెండర్లో సున్నా చుట్టండి. దానికి ముందు ఫోన్ చేయకూడదు. అది దాటిన మర్నాడు పొద్దున్నే మొహమాటం లేకుండా చేయాలి. ఈ ఒక్క పనితో నా టెన్షన్ సగం తగ్గేది. నేను చేసింది పద్నాలుగో రోజున.

ఒక్క సంగతి మాత్రం తేదీ కోసం ఆపకూడదు. రక్తం ఆగకుండా పోతున్నా, కళ్ళు తిరిగి పడిపోయినా, కడుపు ఉబ్బిపోయి గ్యాస్ కూడా పోకుండా వాంతులవుతున్నా, తట్టుకోలేని కడుపునొప్పి వచ్చినా క్యాలెండరు చూడొద్దు. 108కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి.

పరీక్ష రాశారంటే జబ్బు ఉందని కాదు

ఈ మాట నాకు నలుగురు చెప్పారు. ఒక్కరి మాటా తలకెక్కలేదు. ఎందుకో చెప్పకుండా "ఏం కాదులే" అంటే ఎక్కదు. ఎందుకో తెలిశాకే ఎక్కింది.

మన పెద్దపేగు అయిదడుగుల పొడవుంటుంది. లోపలి గోడ మీద కొందరికి చిన్న బుడిపెలు వస్తాయి. పాలిప్ అంటారు. చాలా వాటివల్ల ఏ హానీ లేదు. కొన్ని రకాలు మాత్రం పెరిగి పెరిగి క్యాన్సర్‌గా మారతాయి. అది కూడా ఒక రోజులోనో నెలలోనో కాదు, మామూలుగా ఏళ్ళు పడుతుంది. పదేళ్ళ దాకా పట్టొచ్చని డాక్టరు చెప్పారు. కొలొనోస్కోపీలో బుడిపె కనబడితే అప్పుడే తీసేయొచ్చు. అంటే జబ్బు కనిపెట్టే పరీక్షే జబ్బు రాకుండా ఆపేది కూడా అవుతుంది. "ఈ తొమ్మిది రోజుల్లో లోపల పెరిగిపోతుందేమో" అన్న భయం నన్ను బాగా పీడించింది. డాక్టరు ఇచ్చిన తేదీకి వెళ్తే ఆ భయం అక్కర్లేదు. ప్రమాదమంతా నాలాగా రెండు నెలలు ట్యూబు పూసుకుంటూ కూర్చోవడంలోనే ఉంది.

కొందరికి ముందు ఫిట్ అనే మల పరీక్ష రాస్తారు. కంటికి కనబడనంత రక్తం ఉన్నా అందులో తెలుస్తుంది. మా మేనకోడలు ఇంగ్లండులో ఉంటుంది. అక్కడ యాభై దాటిన వాళ్ళకి రెండేళ్ళకోసారి ఆ కిట్టు ఇంటికే పోస్టులో వస్తుంది. పుల్లతో కాస్త తీసి, చిన్న సీసాలో పెట్టి తిరుగు పోస్టులో పంపాలి. మన దగ్గర డాక్టరు రాస్తేనే చేయించుకుంటాం. అందులో పాజిటివ్ వస్తే క్యాన్సర్ అని కాదు. రక్తం ఉందని మాత్రమే. మొలలవల్లా కావచ్చు, పాలిప్‌వల్లా కావచ్చు, పేగు వాపువల్లా కావచ్చు. ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. సి.ఇ.ఎ. అనే రక్తపరీక్ష కూడా అంతే. దాని ఒక్కదాన్ని పట్టుకుని ఏదీ తేల్చరు. పొగ తాగేవాళ్ళకి ఊరికే కూడా కాస్త ఎక్కువ చూపిస్తుంది. ల్యాబు కాగితంలో నల్లగా, దిట్టంగా అచ్చు వేసిన అంకె కనబడితే కంగారుపడకండి. డాక్టరు అన్ని కాగితాలూ కలిపి చూస్తారు.

ఇంతకుమించి తెలుసుకోనక్కర్లేదు. నిజంగా.

ఫోన్ సంగతి

నేను ఇంతకుమించి తెలుసుకున్నాను. రాత్రి రెండింటికి, దుప్పటి కింద, వెలుతురు తగ్గించుకుని. మొదట రక్తం గురించి వెతికాను. పది నిమిషాల్లో క్యాన్సర్ నాలుగో దశ దగ్గరికి చేరాను. అమెరికాలో ఎవరికో ఇచ్చిన మందుల సైడ్ ఎఫెక్టులు చదువుతున్నాను. మర్నాటి నుంచి ఫోన్ తెరిస్తే చాలు, కషాయాల వీడియోలు. ఒకాయన ఏదో ఆకురసంతో పేగు కడుగుతానంటాడు. ఇంకొకాయన కొలొనోస్కోపీ చేయిస్తే జబ్బు పాకిపోతుందంటాడు. అది పచ్చి అబద్ధం. అయినా రాత్రి రెండింటికి నిజంలాగే వినబడుతుంది.

మా ఆవిడ ఓ రాత్రి లేచి చూసింది. ఏమీ అనలేదు. మర్నాటి నుంచి రాత్రి ఎనిమిదికల్లా నా ఫోన్ తీసుకెళ్ళి బియ్యం డబ్బా మీద పెట్టేది. ఆసుపత్రి నుంచి రాత్రిపూట ఫోన్ రాదు కదా, దాన్ని పక్కన పెట్టుకుని ఏం చేస్తాం? వెతకాలనిపించినప్పుడల్లా ఆ ప్రశ్నని ఫోన్లో కాకుండా ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి పద్నాలుగు ప్రశ్నలయ్యాయి. "ఆపరేషన్ అయితే మలం పోవడానికి పొట్టకి సంచి పెడతారా?" అన్నది అందులో మొదటిది. గట్టిగా అడగడానికి సిగ్గేసి, పుస్తకం ఆయన ముందుకి జరిపాను. "అందరికీ అక్కర్లేదు. పెట్టినా చాలామందికి కొన్నాళ్ళకి తీసేస్తారు. అసలు ఆపరేషనే ఎవరన్నారు మీకు?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్న కోసం నేను ఆరు రాత్రులు పోగొట్టుకున్నాను.

బాత్రూములో భయం

ఎవరూ బయటికి చెప్పుకోరు కానీ, ఈ ఎదురుచూపులో అసలు నరకం అక్కడే.

వెళ్ళిన ప్రతిసారీ తొంగి చూడటం, రంగు చూడటం, ఫోన్లో ఫొటో తీసి నిన్నటి ఫొటోతో పోల్చడం కూడా చేశాను. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగానే ఉంది. పైగా రోజుకి ఒకసారి వెళ్ళేవాణ్ణి అయిదారుసార్లు వెళ్ళడం మొదలైంది. ఇదిగో, జబ్బు ముదిరింది అనుకున్నాను. డాక్టరు నవ్వి, "పరీక్ష హాలు ముందు పిల్లలకి కడుపు కదలదా?" అన్నారు. మెదడుకీ పేగుకీ మధ్య నరాల దారి ఉంది. కంగారు పడితే పేగు తొందరపడుతుంది. పేగు తొందరపడిందని మనం ఇంకా కంగారు పడతాం. అలా ఒకదాన్నొకటి తరుముకుంటూ ఉంటాయి.

ఇంకో గండం ఐరన్ మాత్రలు. రక్తం తక్కువగా ఉందని నాకు రాశారు. మూడో రోజు మలం బొగ్గులా నల్లగా వచ్చింది. గోడ పట్టుకుని నిలబడ్డాను. లోపల రక్తం పోతే నల్లగా వస్తుందని అప్పటికే చదివి ఉన్నాను మరి. ఐరన్ వేసుకుంటే అలాగే వస్తుందని మాత్రలు ఇచ్చినప్పుడు ఒక్కరైనా చెప్పి ఉంటే బాగుండేది. మీకు చెబుతున్నాను. అయితే ఐరన్ వేసుకోకుండా తారులా జిగటగా, నల్లగా, భరించలేని వాసనతో వస్తే మాత్రం అదే రోజు డాక్టరుకి చూపించాలి.

నాకు పనిచేసింది ఇది. ఒక్కసారి చూడాలి, నీళ్ళు కొట్టేయాలి, బయటికొచ్చి పుస్తకంలో ఒక్క లైను రాయాలి. 'మంగళవారం, రెండుసార్లు, రక్తం కొంచెం.' అంతే. డాక్టరుకి కావలసింది ఆ లైనే. ఫొటోలన్నీ తీసేశాను. బరువు కూడా వారానికి ఒక్కసారే చూసుకోండి. రోజూ చూస్తే అరకిలో అటూ ఇటూ ఊగుతుంది, దానితోపాటు మీరూ ఊగుతారు.

అయిదున్నర బస్సు

దిగులు పడొద్దని మీకు చెప్పను. నాకు చెప్పినవాళ్ళ మీద నాకు ఒళ్ళు మండింది. పడండి, కాకపోతే టైము పెట్టుకుని పడండి.

ఇది నాకు మా డాక్టరు దగ్గర కూర్చునే కౌన్సిలర్ అమ్మాయి చెప్పింది. రోజూ ఒక ఇరవై నిమిషాలు, ఒకే వేళకి, ఒకే చోట. నాది సాయంత్రం అయిదున్నర, డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన. పుస్తకం పట్టుకుని కూర్చుని, ఏ భయం వస్తే అది రాసేవాణ్ణి. 'చిన్నదాని పెళ్ళి ఇంకా కాలేదు.' 'పీఎఫ్ నామినీగా ఇంకా అమ్మ పేరే ఉంది.' 'ఇల్లు కట్టిన అప్పు ఇంకా మూడేళ్ళుంది.' రాసినవాటిలో నా చేతిలో ఉన్నదేదైనా ఉంటే మర్నాడు ఆ పని చేసేవాణ్ణి. నామినీ పేరు మార్పించాను. అమ్మ పోయి ఎనిమిదేళ్ళయింది, ఈ భయం లేకపోతే ఆ కాగితం అలాగే ఉండేది. చేతిలో లేనిది ఉంటే పేజీ తిప్పేసేవాణ్ణి.

మధ్యాహ్నం డ్యూటీలో దిగులు వస్తే దానికి కిటికీలోంచి చెప్పినట్టే చెప్పేవాణ్ణి: "నీ బస్సు అయిదున్నరకి. అప్పటిదాకా కూర్చో." వినడానికి పిచ్చిగా ఉంటుంది. మొదటి రెండు రోజులు పనిచేయదు కూడా. మూడో రోజు నుంచి పనిచేసింది. విచిత్రమేమిటంటే, తీరా అయిదున్నరకి డాబా ఎక్కితే ఒక్కోసారి రాయడానికి ఏమీ ఉండేది కాదు.

రాత్రి మెలకువ వస్తే పక్క మీద దొర్లకండి. లేచి వరండాలో కూర్చోండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చండి, ఆరేడు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. వదిలేది పొడుగ్గా ఉండాలి, కిటుకంతా అందులోనే ఉంది. అయిదు నిమిషాలు చేస్తే గుండె దడ తగ్గుతుంది. సాయంత్రం నాలుగు తర్వాత టీ మానేశాను. బస్టాండులో పనిచేసేవాడికి అది చిన్న త్యాగం కాదు.

నాలుగైదు రాత్రులు వరసగా కంటి మీద కునుకు లేకపోయినా, ముద్ద దిగకపోయినా, బతికి ఏం లాభం అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఈ చిట్కాలు చాలవు. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన సర్వీసు. పైసా ఖర్చు లేదు, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఒకరికి కూడా వెంటనే చెప్పండి.

ఎవరికి చెప్పాలి

నేను మొదట ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. మా ఆవిడకి పరీక్ష పేరు చెప్పాను కానీ, దేనికోసం చేస్తారో చెప్పలేదు. అయిదో రోజు అన్నం వడ్డిస్తూ, "ఆ కాగితం మీద ఉన్నది నేను చదవలేననుకున్నారా ఏవండీ? మందుల షాపు అబ్బాయిని అడిగాను" అంది. అయిదు రోజులు ఒకే ఇంట్లో ఇద్దరం వేరువేరుగా భయపడ్డాం.

ముగ్గురికి చెప్పండి చాలు. ఇంట్లో ఒకరు, మీతో ఆసుపత్రికి వచ్చేవారొకరు, పనిచేసే చోట ఒకరు. నాకు మా ఆవిడ, మా తమ్ముడు, డిపోలో డ్యూటీలు వేసే ఆయన. మిగతావాళ్ళకి తెలిస్తే ఏమవుతుందో మీకు తెలియంది కాదు. "మా తోడల్లుడి బావమరిదికి కూడా ఇలాగే మొదలైందండీ" అని ఒకరు. ఆ బావమరిది ఏమయ్యాడో మనం అడగకపోయినా చెబుతారు. నాటువైద్యం అడ్రస్ ఇచ్చేవారొకరు. ఎవరైనా మరీ తరచి అడిగితే నేను ఒకే మాట చెప్పేవాణ్ణి: "పరీక్ష చేయించుకుంటున్నానండి. రిపోర్టు వచ్చాక నేనే చెబుతాను." మళ్ళీ అడిగితే మళ్ళీ అదే. పదోసారి కూడా అదే.

హైదరాబాదులో ఉన్న పెద్దమ్మాయికి అంతా అయ్యాక చెప్పాను. నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పెద్ద పిల్లలకి ముందే చెప్పండి.

ఎదురుచూసేవాళ్ళ ఇంట్లో ఉన్నవారికి కూడా ఒక మాట. "ఏం కాదు, ధైర్యంగా ఉండండి" అంటే నోరు మూసుకోమన్నట్టే వినబడుతుంది. మా తమ్ముడు ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. రోజూ సాయంత్రం వచ్చి, "పద, గోస్తని గట్టు మీద ఓ రెండు కిలోమీటర్లు" అని తీసుకెళ్ళేవాడు. దారంతా చేపల చెరువు లీజు గురించి మాట్లాడేవాడు.

ఖర్చు భయం ఉంటే దాన్ని కూడా ముందే తేల్చుకోండి. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రుల్లో ఆ పథకం సహాయ డెస్కు ఉంటుంది. ఒకవేళ ఆపరేషన్ దాకా వస్తే కార్డు చెల్లుతుందా, ఏ కాగితాలు కావాలో అడిగి, ఆధార్, కార్డు జిరాక్సులు ఒక ఫైల్లో పెట్టేయండి. అవసరం రాకపోవచ్చు. ఫైలు ఉందన్న నిబ్బరం వేరు.

కడుపు కడిగే రోజు

ఈ రోజుకి భయపడినంతగా నేను పరీక్షకి భయపడలేదు. నిజానికి ఇది భయపడాల్సింది కాదు, విసుగొచ్చేది.

మీ ఆసుపత్రి ఇచ్చిన కాగితమే మీకు ప్రమాణం. నాకు చెప్పింది ఇది. రెండు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, గింజలు, తొక్కలున్న కూరలు, పల్లీలు బంద్. తెల్లన్నం, పలచని పప్పుకట్టు, పెరుగు. ముందు రోజు పొద్దున తేలిగ్గా తిన్నాక ఇక ద్రవాలే. కొబ్బరినీళ్ళు, వడగట్టిన బార్లీ నీళ్ళు, పాలు లేని టీ. ఎర్ర రంగు షర్బత్తులు వద్దన్నారు, పేగులో రక్తంలా కనబడుతుందట. ఐరన్ మాత్రలు కొన్ని రోజుల ముందే ఆపాలి. అది నాకు చెప్పకపోతే నేనే ఫోన్ చేసి కనుక్కున్నాను. షుగరు మందులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు సొంతంగా ఆపకూడదు, సొంతంగా వేసుకోకూడదు. ముందే అడగాలి.

సాయంత్రం పొడి ప్యాకెట్టు 2 లీటర్ల నీళ్ళలో కలిపి తాగాలి. ఉప్పుగా, కాస్త జిగురుగా, నిమ్మకాయ వాసనతో ఉంటుంది. మొదటి గ్లాసు బాగానే దిగింది. మూడో గ్లాసుకి కడుపులో తిప్పింది. మా ఆవిడ మిగతాది ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడ్డాక స్టీలు గ్లాసులో పోసి, స్ట్రా వేసి ఇచ్చింది. స్ట్రాని నాలుక వెనక్కి పెట్టి తాగితే రుచి అంతగా తెలియదు. పదిహేను నిమిషాలకో గ్లాసు. ప్రతి గ్లాసుకీ ఆవిడ గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీసింది, పాలవాడి లెక్కలాగా. ఎనిమిది గీతలు. ఆ గీతలు ఇంకా ఉన్నాయి, సున్నం వేయించలేదు.

గంటలోపే పరుగు మొదలవుతుంది. బాత్రూములో మెత్తటి పాత తువ్వాలు, కొబ్బరినూనె ముందే పెట్టుకోండి. అయిదోసారికల్లా మంట మొదలవుతుంది, నూనె రాసుకుంటే ఓర్చుకోగలరు. చివరికి లేత పసుపు నీళ్ళలా, తేటగా రావాలి. అలా వస్తే కడుపు శుభ్రమైనట్టు. సగం తాగి మానేస్తే సరిగ్గా కనబడక పరీక్ష మళ్ళీ చేయాల్సి రావచ్చు. మళ్ళీ ఎదురుచూడాల్సి వస్తుంది. అదొక్కటి గుర్తుపెట్టుకుని తాగేయండి.

పరీక్ష రోజు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. సంతకం పెట్టే కాగితంలో పేగుకి చిల్లు పడొచ్చని ఉంటుంది. అది చాలా అరుదు, కానీ రాయాలి కాబట్టి రాస్తారు. చేతికి సూది ఇచ్చారు, సీలింగు ఫ్యాను చూస్తున్నాను, కళ్ళు తెరిచేసరికి వేరే మంచం మీద ఉన్నాను. అరగంట పట్టిందట. లోపల గాలి నింపుతారు కాబట్టి తర్వాత కడుపు ఉబ్బరంగా ఉంటుంది. సిగ్గుపడకుండా వదిలేయాలి. అక్కడ అందరూ వదులుతూనే ఉంటారు. ఆ రోజంతా బండి నడపకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు.

పక్కన మనిషి తప్పనిసరి. మత్తు దిగాక డాక్టరు వచ్చి నాతో పది నిమిషాలు మాట్లాడారట, నేను బుద్ధిగా తలూపానట. నాకు ఒక్క ముక్క గుర్తులేదు. మా ఆవిడ పుస్తకంలో రాసింది: 'రెండు పాలిప్స్. ఒకటి చిన్నది, ఒకటి 12 మిల్లీమీటర్లు. రెండూ తీసేశారు. ముక్క టెస్టుకి పంపారు. మొలలు ఉన్నాయి.'

ముక్క పంపారు

ఆ 'ముక్క పంపారు' అన్న మాట పన్నెండు రోజులు నమిలాను. అనుమానం లేకపోతే ఎందుకు పంపుతారు? తర్వాత తెలిసింది, తీసిన పాలిప్‌ని పరీక్షకి పంపడం మామూలు పద్ధతి. నన్ను చూసి ప్రత్యేకంగా పంపలేదు.

వారంలో వస్తుందన్నారు. రాలేదు. ఎనిమిదో రోజు నుంచి, "చెడ్డ వార్త కాబట్టే ఆపారు" అని నిశ్చయించేసుకున్నాను. ఆ ముక్కని మందులో నానబెట్టి, మైనంలో పెట్టి, కాగితం కంటే పల్చటి పొరలుగా కోసి, రంగులు వేసి, అప్పుడు డాక్టరు మైక్రోస్కోపు కింద చూస్తారు. ఒక్కోసారి ఇంకో రంగు వేసి చూడాల్సి వస్తుంది, ఇంకో డాక్టరుకి చూపించాల్సి వస్తుంది. వీటిలో దేనికైనా ఆలస్యం అవుతుంది. నా విషయంలో అవేవీ కాదు. శనాదివారాలు, పైన పండగ కలిసొచ్చి డబ్బా కౌంటర్లోనే ఉండిపోయిందట. ఆలస్యానికి అర్థాలు వెతక్కండి. క్యాలెండర్లో సున్నా చుట్టిన రోజు దాటితే ఫోన్ చేయండి.

ఆ పన్నెండు రోజులూ నన్ను కాపాడింది ఒక పాత నవారు మంచం. అటక మీద పడి ఉండేది. కొత్త నవారు చుట్ట కొనుక్కొచ్చి, డ్యూటీ దిగాక వరండాలో అల్లడం మొదలుపెట్టాను. ఒక పట్టీ కిందనుంచి, ఒకటి పైనుంచి. ప్రతి వరసా మోకాలితో తన్నిపట్టి బిగించాలి, లేకపోతే పడుకుంటే తొట్టిలా దిగిపోతుంది. వరస తప్పితే మళ్ళీ విప్పాలి. నేను రెండుసార్లు విప్పాను. అలాంటి పని చూసుకోండి. చేతులు ఆడాలి, కళ్ళు చూడాలి, తప్పు చేస్తే తెలిసిపోవాలి. టీవీ ముందు కూర్చుంటే కళ్ళు టీవీ మీద, మనసు ల్యాబులో ఉంటాయి. దేవుడికి మొక్కుకోవాలనిపిస్తే మొక్కుకోండి, నేనూ మొక్కుకున్నాను. కాకపోతే రక్తం తక్కువున్న ఒంటితో ఉపవాసాలు చేయకండి.

రిపోర్టు ఒంటరిగా తెరవకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను. పదమూడో రోజు పొద్దున బస్టాండులో ఉండగా వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. రెండు నిమిషాలు కూడా ఆగలేదు. తెరిచాను. 'ట్యూబులర్ అడినోమా', 'లో గ్రేడ్ డిస్‌ప్లేసియా'. నాకు అర్థం కాలేదు, అర్థం కాకపోవడమే అర్థమనిపించింది. కాళ్ళలో సత్తువ పోయింది. భీమవరం బస్సు టైమెంతని ఎవరో అడుగుతుంటే వాళ్ళ ముఖం చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం డాక్టరు చెప్పారు: అడినోమా అంటే క్యాన్సర్ కాదు, వదిలేస్తే కొన్నేళ్ళకి కాగలిగేది. లో గ్రేడ్ డిస్‌ప్లేసియా అంటే కణాల్లో మార్పు ఇంకా కొద్దిగానే ఉందని. అది ఇప్పుడు లేదు, తీసేశాం. మూడేళ్ళకి మళ్ళీ వచ్చి చూపించుకోండి.

మీరు నా అంత తొందరపడకండి. పీడీఎఫ్ వస్తే తెరవకుండా మీ ముగ్గురిలో ఒకరికి పంపి, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

అందరికీ నాలాగే వస్తుందని చెప్పను. అదే నెలలో మా డిపో డ్రైవరు ఒకాయనకి క్యాన్సర్ అని వచ్చింది. స్కాను తీశారు, పేగులో కొంత భాగం తీసేశారు, కీమో ఇచ్చారు. ఇప్పుడు మళ్ళీ స్టీరింగు పట్టుకున్నాడు. మొన్న టీ తాగుతూ అడిగాను, ఏ రోజులు కష్టంగా గడిచాయని. "తెలియని రోజులేనండి. ఆపరేషన్ ఫలానా రోజని చెప్పాక నాకు నిద్ర పట్టింది" అన్నాడు.

పోయిన నెల ఒక కండక్టరమ్మ డ్యూటీ ఎక్కే ముందు కిటికీ దగ్గర ఆగింది. చుట్టూ చూసి, చిన్న గొంతుతో, "మా ఆయనకి ఆ పరీక్షే రాశారండి" అంది.

"తేదీ ఇచ్చారా అమ్మా?"

"వచ్చే వారం పిలుస్తామన్నారండి."

"వచ్చే వారం ఏ రోజు?"

ఆవిడ నన్ను ఓసారి చూసి, ఫోన్ తీసి కౌంటరుకి కలిపింది. అటు వైపు వాళ్ళు చాలాసేపు వెతికినట్టున్నారు. నర్సాపురం బస్సు డ్రైవరు ఈలోగా రెండుసార్లు హారను కొట్టాడు. నేను చెయ్యెత్తి ఆపాను.

"బుధవారం అంట అండి. పొద్దున ఎనిమిదిన్నరకి."

పాత ట్రిప్పు షీటు వెనక రాసి, చింపి, చేతికిచ్చాను. ఆవిడ దాన్ని టికెట్ల మిషను కవర్లో పెట్టుకుని, బస్సెక్కి, రైట్ చెప్పింది.